పలక మాది, బలపం నీ చేతిలో

తర్లుపాడు,
మార్చి నెల

తమ్ముడు శ్యాంసన్‌కు,

వందనాలు తర్వాత చెబుతాను. ముందు నా కోపం విను.

ఫోన్ చేస్తే నేను రెండు మాటలు అనేలోపే నవ్వుతావు. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం తీసుకున్నాను. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయాలి. వేలిముద్ర వేసి పంపితే ఒప్పుకోను.

కోటమ్మ అవ్వ పాట తెలుసు కదా, "పలక కడిగినట్టు కడిగినావయ్యా, బలపమేమో నీ చేతనే ఉంచుకున్నావయ్యా". పలకల గనిలో పనికి పోయిన రోజుల్లో ఆమె సొంతంగా కట్టుకున్న పాట. ఏ పాటల పుస్తకంలోనూ లేదు. మన సంఘంలో పెళ్ళికీ చావుకీ అదే పాట. నేను ఫోన్లో రికార్డు చేసి చర్చి ఛానెల్లో పెట్టాను. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఎవరో పాటల కంపెనీవాళ్ళు దాన్ని విని, కీబోర్డు జోడించి వేరే ఆమెతో పాడించుకున్నారు. అక్కడితో ఆగారా? మన వీడియో మీద ఫిర్యాదు పెట్టారు. పాట హక్కులు వాళ్ళవట. సైటువాళ్ళు మన వీడియో మూసేశారు. అంటే అవ్వ పాటను అవ్వే దొంగిలించిందన్నమాట!

అభ్యంతరం రాశాను. "మీ దగ్గర ఆధారం ఏమిటి" అని తిరిగి అడిగారు. ఆధారం అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతోంది, బస్సెక్కించి పంపమంటారా అని రాద్దామనుకుని ఆగాను. అవ్వకు చెబితే ఆమె ఏమందో తెలుసా? "నా నోట్లో పాటకి వాడెవడంట పెద్దమనిషి? నేను కన్న బిడ్డకి వాడు పేరు పెడతాడా ఏంది?"

వచ్చే నెల అవ్వకు గొంతు ఆపరేషన్. తర్వాత మాట కూడా సరిగా రాదని డాక్టరు ముందే చెప్పాడు. ఇక నా దగ్గరున్న రికార్డులే ఆమె గొంతు. వాటిని ఇంకొకరి దయ మీద వదలను. కాలేజీ ల్యాబులో పక్కన పడేసిన డెస్క్‌టాప్ ఒకటి ప్రిన్సిపాల్ నాకిచ్చాడు. దాన్ని చర్చి వెనక గదిలో పెట్టి, మన పాటలన్నీ అందులో వేసి, అక్కడి వైఫైకి కలుపుతాను. ప్రార్థనకు వచ్చినవాళ్ళు ఎవరి ఫోన్లో వాళ్ళు వింటారు. మన సర్వర్, మన గదిలో. దాన్ని మూసే మొనగాడు ఉండకూడదు.

దానికి విండోస్ వద్దు, లినక్సే. ఆ రకాల్లో ఏది వేయాలి? మార్కాపురంలో పిల్లలకు నేను డెబియన్ మీదే చెబుతాను, దాని మంచిచెడ్డలు నాకు తెలుసు. ఉబుంటు అయినా ఫర్వాలేదనిపిస్తుంది. పెద్ద సర్వర్లు చూసే ఉద్యోగం నీది. ఒక్క పేరు చెప్పు. ఉపన్యాసం వద్దు.

నీ అక్క,
రూబీ

---

బెంగళూరు,
మార్చి చివర

అక్కా,

పెన్ను పట్టి ఎన్నేళ్ళయిందో. రెండో వాక్యానికే వేళ్ళు లాగుతున్నాయి. అయినా ఆ కంపెనీ సంగతి చదివాక నాకూ ఒళ్ళు మండింది. అవ్వ పాట వాళ్ళదా! సిగ్గుండాలి. నువ్వు చేస్తున్నది సరైన పని. మన పాటలు మన మిషన్లోనే ఉండాలి.

ఉపన్యాసం వద్దన్నావు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఉబుంటు వెనక ఒక కంపెనీ ఉంది. ఒక కంపెనీ గుమ్మం దిగి ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కడం ఎందుకు? మింట్ మంచిదే, కానీ ఇంట్లో బల్ల మీద పెట్టుకుని సినిమా చూసే కంప్యూటర్‌కి. ఫెడోరా ఆరు నెలలకోసారి కొత్తది వస్తుంది, పాతదానికి ఏడాది దాటితే దిక్కుండదు. ఇక నీ డెబియన్ ఉంది చూశావూ, అది సద్దన్నం అక్కా. రెండేళ్ళకోసారి వండుతారు, అప్పటిదాకా అదే తింటూ కూర్చోవాలి.

మనం ఆర్చ్ వేద్దాం. దానికి విడతలు ఉండవు, ఎప్పటికప్పుడు తాజా. మనకు కావలసిందే ఒక్కొక్కటి చేత్తో పేర్చుకుంటాం. అక్కర్లేనిది ఒక్కటీ ఉండదు. సొంతం అంటే అదీ.

గుడ్ ఫ్రైడేకి వస్తున్నాను. నేనే వేసిపోతాను, నువ్వు చెయ్యి పెట్టనక్కర్లేదు. పాటల కాపీ ఒకటి ఇక్కడ నా గదిలోని మిషన్లో ఉంచుతాను. అక్కడ పిడుగు పడినా ఇక్కడ పాట ఉంటుంది. దానికి పూచీ నాది.

అవ్వకు చెప్పు, ఆమె పాటను ఎవడూ ముట్టలేడు.

శ్యాంసన్

---

తర్లుపాడు,
మే నెల

శ్యాంసన్‌కు,

మంచి మాటతో మొదలుపెడతాను, ఎలాగూ ఎక్కువసేపు నిలవదు.

అవ్వ ఆపరేషన్ అయిపోయింది. ప్రాణానికి భయం లేదు. గొంతు మాత్రం పోయింది. గుసగుసలాగా వస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది. సాయంత్రం ప్రార్థనకు ఆటోలో తీసుకొస్తున్నాం. వెనక బెంచీ మీద కూర్చుని నా ఫోన్ చెవికి ఆనించుకుని తన పాటలు తనే వింటుంది. మొన్న నన్ను పిలిచి చెవిలో అంది, "ఈ ముసల్ది బాగనే పాడతాది." నేను గదిలోకి పోయి ఏడ్చి వచ్చాను. ఆ మిషన్ పెట్టినందుకు నీకు పుణ్యం ఉంటుంది.

ఇక రెండో మాట. నీ తాజా వంట మాకు అరగడం లేదు. వారానికోసారి ఏదో ఒకటి మారుతుంది. పోయిన సోమవారం పాటలు వినే పేజీ రూపమే మారిపోయింది. అక్షరాలు చిన్నవయ్యాయి, అవ్వ ఫొటో ఎక్కడికో పోయింది. రాములమ్మ వదిన చర్చి వాకిట్లోకి వచ్చి "మన పాటలు మళ్ళీ ఎత్తుకపోయినారు" అని గోల పెట్టింది. నలుగురు చేరారు. పాటలు ఉన్నాయి, తలుపు రంగు మారిందంతే అని సర్దిచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వీళ్ళు ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళు. వీళ్ళకు కొత్తదనం చూస్తే భయం.

సద్దన్నం అని వెక్కిరించావు. సద్దన్నం తిని కూలికి పోయినవాళ్ళ కడుపున పుట్టావు, గుర్తుంచుకో. అది పొద్దున తిన్నా మధ్యాహ్నం దాకా మోసం చేయదు.

ప్రార్థన అయ్యాక రోజూ నేనే దాన్ని పద్ధతిగా ఆపి ఇంటికొస్తున్నాను. నా ఫోన్లో చోటు చాలక అందులోని రికార్డులు తీసేశాను. నీ దగ్గర కాపీ ఉంది కదా? మరిచిపోకుండా జవాబులో రాయి.

రూబీ

---

బెంగళూరు,
జూన్

అక్కా,

అవ్వ మాట చదివి నాకూ కళ్ళు చెమర్చాయి.

పేజీ మారితే మారనీ, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. మారేదాన్ని చూసి భయపడితే ఎట్లా? మిగతా రోజులు మిషన్ ఆపుకో. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆపవద్దు. అప్‌డేట్ ఆ వేళకు పెట్టాను, దానంతట అదే చేసుకుంటుంది. ఆరాధన అయిపోయి అందరూ భోజనాలకు పోయి ఉంటారు కదా, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అడ్మిన్ పనులు నువ్వు ముట్టుకోవద్దు, అందుకే ఆ పాస్‌వర్డ్ నా దగ్గరే పెట్టుకున్నాను.

ఇక్కడ మాత్రం పండగే. నా మిషన్లో ఫెడోరా తీసేసి నిక్సోస్ వేశాను. మొత్తం మిషన్ ఎట్లా ఉండాలో ఒక్క ఫైల్లో రాసిపెట్టుకోవచ్చు, చూస్తే ముచ్చటేస్తుంది. ఇది కుదరకపోతే వచ్చే నెల వాయిడ్ చూస్తాను. మా ఆఫీసులో ప్రవీణ్ కుమార్ అని ఒకడున్నాడు, నువ్వు చొక్కాలు మార్చినట్టు డిస్ట్రోలు, అదే లినక్స్ రకాలు, మారుస్తావురా అంటాడు. మార్చకపోతే తెలిసేదెట్లా?

కాపీ సంగతి నాకు వదిలెయ్.

శ్యాంసన్

---

తర్లుపాడు,
జులై

శ్యాంసన్‌కు,

మిషన్ చచ్చింది.

ఓబులయ్య మామ పోయి ఏడాదయింది కదా, సోమవారం సాయంత్రం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. కొమరోలు నుంచి ఆయన కూతుళ్ళు వచ్చారు. అవ్వ పాట వినిపిస్తామని నేనే పెద్ద గొప్పగా చెప్పాను. స్విచ్ వేశాను. నల్ల తెర, రెండు లైన్ల ఇంగ్లీషు, అంతే. మళ్ళీ వేశాను. అదే తెర. అందరూ నా వైపే చూస్తున్నారు. ఓబులయ్య మామ పెద్దకూతురు "పర్లేదులే అక్కా" అంది. ఆ జాలి నాకు చెంపదెబ్బలాగా తగిలింది.

అప్పుడు అవ్వ లేచింది. బెంచీ పట్టుకుని నిలబడి నోరు తెరిచింది. గాలి వచ్చింది. పాట రాలేదు. ఇంకొకసారి ప్రయత్నించి కూర్చుంది. ఆ ముఖం నేను చూశాను శ్యాంసన్, నువ్వు చూడలేదు. అందుకే నీకు ఇంత తీరిక.

ఎందుకు చచ్చిందో కూడా విను. ఆరాధన అయ్యాక పౌలు చిన్నాయన కరెంటు మెయిన్ ఆపుతాడు. పాత రెల్లు పాక చర్చి ఒక ఆదివారం వైరు కాలి బూడిదైంది, నీకు గుర్తుండాలి. ఆ రోజు నుంచి అది అవ్వ పెట్టిన కట్టు. చివరి ఆమెన్ అయ్యాక మెయిన్ ఆపకుండా చర్చికి తాళం పడదు. సంఘపెద్దగా చిన్నాయన ఆ పని ఒక్క పూట తప్పలేదు. నువ్వు ఏరికోరి సరిగ్గా ఆ వేళకే అప్‌డేట్ పెట్టావు!

ఇన్ని ఆదివారాలూ నేను ఏం చేశానో నీకు చెప్పలేదు. అందరూ అన్నానికి పోతే చిన్నాయన్ను ఆపి, నీ అప్‌డేట్ అయ్యేదాకా ఆ గదిలో ఆకలితో కాపలా కూర్చున్నాను. చెబితే "పాతకాలపు అలవాటు, మానెయ్యమను" అంటావని నోరు మూసుకున్నాను. పోయిన ఆదివారం గిద్దలూరులో ఏదో పోటీ పరీక్షకు నాకు డ్యూటీ పడింది. చిన్నాయన ఎప్పటిలాగే మెయిన్ ఆపాడు. మిషన్‌ను లేపే నీ కెర్నల్ సగం మారి సగంలో ఉండిపోయింది. ఆయన ఇప్పుడు "నా చేత్తోనే సంపినాను గదమ్మా" అని కుమిలిపోతున్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆర్చ్ తప్పు కూడా లేదు. వాళ్ళ వికీ చదివాను, చక్కగా రాశారు, మధ్యలో కరెంటు తీస్తే ఏదైనా పోతుంది. తప్పు అడగకుండా పెట్టినవాడిది.

ఇక నేను అడగదలచుకోలేదు. ఆ డిస్కు మొత్తం తుడిచి డెబియన్ వేస్తాను. తుడిచే ముందు ఒక్క పని చెయ్. నీ దగ్గరున్న కాపీలోంచి ఒక్క పాట, ఏదైనా సరే, నాకు పంపు. విన్నాక తుడుస్తాను.

రూబీ

---

బెంగళూరు,
జులై చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. చిన్నాయన్ను ఏమీ అనవద్దు.

కానీ కోపంలో నిర్ణయాలు తీసుకోకూడదు. దీనికి ఆర్చ్‌ని వదలనక్కర్లేదు. రెండో కెర్నల్ ఒకటి, అదే దీర్ఘకాలం నడిచేది, పక్కన పెట్టుకుంటే ఒకటి పోయినా ఇంకొకటి లేస్తుంది. డిస్కును బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతికి మారిస్తే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్ళొచ్చు. లేదంటే ఓపెన్‌సూసే ఉంది, దాంట్లో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది. ఆల్పైన్ అని ఇంకొకటి ఉంది, చాలా చిన్నది, పాత మిషన్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది. డెబియన్‌లో ప్యాకేజీలు పాతవి అక్కా, పాటల సర్వర్ కొత్త వెర్షన్ కావాలంటే మళ్ళీ చేత్తో వేసుకోవాలి. ఆ బాధ నీకెందుకు? ఇన్వర్టర్ ఒకటి కొని ఆ గదికి వేరే లైను లాగిస్తే అసలు ఈ గొడవే రాదు.

ఏదేమైనా తొందరపడి డిస్కు తుడవవద్దు. దసరా సెలవులకు నేను వచ్చి చూస్తాను. అప్పటిదాకా దాన్ని కదపకు.

అవ్వకు వందనాలు.

శ్యాంసన్

---

మార్కాపురం, కాలేజీ స్టాఫ్‌రూమ్,
ఆగస్టు

శ్యాంసన్,

ఒక్క పాట అడిగాను. నాలుగు డిస్ట్రోల పేర్లు పంపావు.

కాపీ ఉన్నవాడు తుడవవద్దని ఎందుకంటాడు? పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే దాన్ని నేను. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు పక్క ప్రశ్నకు జవాబు పేజీలకు పేజీలు రాసేవాళ్ళను రోజూ చూస్తాను. నీ ఉత్తరం అట్లానే ఉంది. మార్చిలో "పూచీ నాది" అన్నావు. మేలో అడిగితే "నాకు వదిలెయ్" అన్నావు. జులైలో అడిగితే ఆ మాటే ఎత్తలేదు. నీ దగ్గర కాపీ లేదు. అవునా కాదా? ఈసారి జవాబులో లినక్స్ అన్న మాట కనబడితే ఉత్తరం చింపేస్తాను.

నువ్వు కాపీ ఉందన్న ధైర్యంతో నేను ఆ సాయంత్రమే తుడిచి ఉంటే? ఆలోచించావా? అవ్వ ఇంకా బతికుండగానే ఆమె గొంతును నా చేతులతో నేనే పాతిపెట్టేదాన్ని. ఆ పాపం నా మెడకు చుట్టి నువ్వు అక్కడ నిక్సోసు, వాయిడు అంటూ తిరిగేవాడివి.

ఆ పాటల కంపెనీ మీద ఇంత ఎత్తున లేచాం కదా ఇద్దరం. వాళ్ళు ఏం చేశారు? మన పాటను మనకు తెలియకుండా దూరం నుంచి మూశారు. నువ్వు ఏం చేశావు? మిషన్ మా గదిలో, పాస్‌వర్డ్ బెంగళూరులో. ఎప్పుడు ఏం మారాలో నువ్వు చెప్పాలి, మేము ఆకలితో కాపలా కూర్చోవాలి. సొంతం, సొంతం అని లెక్చరు ఇచ్చావే, ఎవరికి సొంతం? పలక మాది, బలపం నీ చేతిలో. ప్రభువు చేతిలో ఉందని అవ్వ పాడింది, అది ఒప్పుకుంటాను. నువ్వు ప్రభువువి కావు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. నీకు తెలిసిన డిస్ట్రోల పేర్లు అన్నీ గొప్పవే. వాటిలో ఒక్కటైనా ఏడాది నిండా నడిపావా? కొత్తది వేయడం వచ్చు నీకు. ఉన్నదాన్ని చూసుకోవడం రాదు.

మెయిన్ ఆపడం మీద ఇన్వర్టరు కొనమన్నావు చూడు, దానికి మరీ మండింది. ఎట్లా మరిచిపోయావురా? చిన్నప్పుడు చిన్నాయన నిన్ను ఎత్తుకుంటే ఆ మెయిన్ ఆపేటోడివి నువ్వే కదా. ఎత్తుకోకపోతే చర్చి మధ్యలో పడి దొర్లి ఏడ్చేవాడివి.

అవునా కాదా, అంతే రాయి.

రూబీ

---

బెంగళూరు,
ఆగస్టు

అక్కా,

అవును. లేదు.

జూన్‌లో నా మిషన్‌కి కొత్తది వేసేటప్పుడు డిస్కు మొత్తం తుడిచాను. పాటలు అందులోనే ఉన్నాయి. వేసేశాక గుర్తొచ్చింది. అక్కడి నుంచి మళ్ళీ దింపుకుందాంలే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను. నువ్వు ఒక్క పాట అడిగినప్పుడు భయమేసింది. తుడవవద్దని మాత్రం రాసి, ఎందుకో చెప్పే ధైర్యం లేక మిగతా కాగితం ఏదో ఒకటి నింపాను.

ఆ సాయంత్రం నువ్వు తుడిచి ఉంటే అన్న మాట దగ్గర ఆగిపోయాను. నిద్ర పట్టడం లేదు.

అడ్మిన్ పాస్‌వర్డ్ ఈ ఉత్తరం వెనక రాశాను. నన్ను రమ్మంటే రేపే బస్సెక్కుతాను. వద్దంటే రాను. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

శ్యాంసన్

---

తర్లుపాడు,
సెప్టెంబరు

శ్యాంసన్‌కు,

రావద్దు. వచ్చావంటే మళ్ళీ నువ్వే కూర్చుంటావు కీబోర్డు ముందు.

నేనే చేశాను. డెబియన్ పెన్ డ్రైవ్‌లోంచి మిషన్ లేపి, లోపలి డిస్కు తెరిచి చూశాను. చిన్నాయన మెయిన్ పక్కనే నిలబడ్డాడు, ఎవడూ దాని దరికి రాకుండా. రాములమ్మ వదిన తలుపు దగ్గర. అవ్వ నా పక్కన కుర్చీలో. ఫోల్డరు తెరుచుకుంది. పాటలన్నీ ఉన్నాయి. చచ్చింది లేచే దారి మాత్రమే, లోపల సరుకు చెక్కుచెదరలేదు. ఒకటి నొక్కాను. "పలక కడిగినట్టు" అని గది నిండా అవ్వ గొంతు. చిన్నాయన "స్తోత్రం" అని గట్టిగా అరిచాడు. అవ్వ నా చెయ్యి గిల్లి చెవిలో అంది, "ఇంత రాద్ధాంతం జేసినారు, నా పాట నాకు ఇనపడనీయడానికి!"

ముందు కొత్త హార్డ్ డిస్కులోకి అన్నీ ఎక్కించాను. వాటిని ఇంటికి తీసుకుపోయి నా కంప్యూటర్‌లో వినిచూశాను. ఆ తర్వాతే పాతది తుడిచి డెబియన్ వేశాను. సద్దన్నమే. రక్షణకు సంబంధించిన మార్పులు తప్ప ఇంకేదీ దానంతట అది మారదు, అవి కూడా నేను కూర్చుని, ఆదివారం కాని రోజు, సాయంత్రం ప్రార్థనకు ముందు వేస్తాను. తర్వాత నేను మిషన్ ఆపుతాను, చిన్నాయన మెయిన్ ఆపుతాడు. అవ్వ కట్టు అవ్వదే. మిషనే దానికి లొంగాలి. పాస్‌వర్డ్ మార్చాను. ఒకటి నాకు తెలుసు, ఇంకొకటి కవరులో పెట్టి చిన్నాయనకు ఇచ్చాను. నీకు ఇవ్వను. అలగవద్దు.

అవ్వ పాట హక్కుల సంగతి అయిపోలేదు. ఆ కంపెనీ మన అభ్యంతరానికి ఇంకా జవాబివ్వలేదు. ఇచ్చేదాకా రాస్తూనే ఉంటాను, నా కోపం అంత త్వరగా చల్లారేది కాదు.

నీ మీద కూడా చల్లారలేదు. అయినా ఊరి బయట ఒక కాపీ ఉండాలి, ఆ మాట నిజం. అందుకని హార్డ్ డిస్కు ఒకటి ఈ పార్సిల్లో పెట్టాను. దీన్ని నీ ఆటలాడుకునే మిషన్లో పెట్టవద్దు. విడిగా ఒక పాత డబ్బా సంపాదించి, డెబియన్ వేసి, ముట్టకుండా ఉంచు. నెలకోసారి అందులోంచి ఒక పాట నాకు పంపాలి. వింటే తప్ప కాపీ ఉన్నట్టు నేను నమ్మను. పంపే ముందు నువ్వు కూడా విను. మొదట్లో కొంచెం విని ఆపేయడం కాదు. చివరిదాకా విను.

నీ అక్క,
రూబీ

---

బెంగళూరు,
అక్టోబరు

అక్కా,

పార్సిల్ అందింది. ప్రవీణ్ దగ్గర పాత డబ్బా ఒకటి అడిగి తెచ్చుకుని డెబియన్ వేశాను. వాడు నవ్వాడు. నవ్వనీ.

నువ్వు చెప్పినట్టే ఆదివారం కూర్చుని విన్నాను. "పలక కడిగినట్టు" మొత్తం. పాట అయిపోయింది, ఆపబోయాను. చివరిదాకా అన్నావని ఆగాను. బెంచీలు జరిపిన చప్పుడు, ఎవరో దగ్గారు. తర్వాత అవ్వ గొంతు, గట్టిగా, నిండుగా, "పౌలూ, మెయిన్ ఆపు నాయనా." టక్కుమని మెయిన్ పడిన చప్పుడు.

ఇంకో పాట విన్నాను. దాని చివర్లోనూ అదే మాట. మూడోదానిలోనూ అదే. అన్నింటిలోనూ ఉంది అక్కా. ఆ పాటలు నా గదిలో రెండు నెలలు ఉన్నాయి. ఒక్కటి చివరిదాకా విని ఉంటే ఆ వేళకు అప్‌డేట్ పెట్టేవాడినే కాదు.

నాలుగోది నువ్వు ఎప్పుడు తీశావో తెలియదు. అందులో పాట అయ్యాక అవ్వ నవ్వుతుంది. "శ్యాంసనుగాడు ఉన్నట్టయితే ఈపాటికి మెయిన్ కాడికి ఎత్తుకోమని ఏడ్సేటోడు. యాడున్నాడో వాడు. తిన్నాడో లేదో" అంటుంది. చిన్నాయన ఏదో అంటాడు, వినపడదు. తర్వాత టక్.

దాన్ని నేను ఒక్కసారి కూడా వినకుండా తుడిచేశాను.

ఈ నెల పాటగా అదే పంపుతున్నాను. చివరిదాకా ఉంది, చూసుకో. అవ్వకు చెప్పు, తిన్నానని.

శ్యాంసన్